తాలు కాయ సాక్ష్యం

ఖమ్మం మిర్చి యార్డులో పొద్దున జెండా పాట అయిపోయాక ఖరీదుదారులు బస్తాల వరసల మధ్య తిరుగుతూ చేసే పని చూసి తీరాలి. బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చి గుప్పెడు కాయలు పైకి తీస్తారు. పైన పేర్చిన కాయతో వాళ్లకి పని లేదు, అడుగున ఏముందో కావాలి. ఒక కాయ విరుస్తారు. టక్కున విరిగితే సరే, మెత్తగా వంగిందంటే తేమ ఉన్నట్టే. తొడిమ దగ్గర రంగు చూస్తారు, గింజ రాల్చి చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు.

"రాత్రి మంచు పడ్డదా అన్నా?"

"లేదు సేటూ, పట్టాలు కప్పినం."

నిమిషంలో ధర తేలిపోతుంది. నిగనిగలాడే తేజ కాయకి ఒక ధర, కాస్త మసకబారినదానికి ఇంకో ధర. తెల్లబారి మచ్చలు పడ్డ కాయని తాలు అని పక్కకి నెట్టేస్తారు. దాని రేటు సగానికి సగం పడిపోవడం మామూలే.

ఈ పరీక్షలో తేమ దొరుకుతుంది, రంగు దొరుకుతుంది, ఘాటు దొరుకుతుంది. దొరకనిది అఫ్లాటాక్సిన్. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజు, దాని దగ్గరి జాతి పారాసిటికస్, కాయల మీదా గింజల మీదా పెరుగుతూ వదిలే విషం అది. బూజు దులిపితే పోదు, ఎండలో పోస్తే పూర్తిగా పోదు, కూరలో మరిగినా పెద్దగా తగ్గదు. ఒక్కసారిగా ఎక్కువ మోతాదు ఒంట్లోకి పోతే కాలేయం దెబ్బతిని మనిషి ప్రాణం మీదికి వస్తుంది. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి పోతే కాలేయ క్యాన్సర్‌కి దారి తీస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోయి, వాటి దాణాలోని బ్రెజిల్ వేరుశనగ చెక్కను తవ్వి చూసేదాకా ఇలాంటిదొకటి ఉందని ప్రపంచానికి తెలియదు.

మన మిర్చిలో ఇది ఎంత ఉందో చూడడానికి 1998, 1999ల్లో కొందరు శాస్త్రవేత్తలు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మిర్చి ఎక్కువగా పండే ప్రాంతాల మార్కెట్ యార్డులు, కోల్డ్ స్టోరేజీలు తిరిగారు. హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో కారం పొట్లాలు కూడా కొన్నారు. ఎస్.వి. రెడ్డి, కె. తిరుమలాదేవి, డి.వి.ఆర్. రెడ్డి, వారి సహచరులు చేసిన ఆ పని 2001లో ఒక అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. కొన్ని పేజీల వ్యాసం, అంతే. అందులో పెద్ద పెద్ద మాటలు లేవు. కానీ పనితనం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించే కాగితాల్లో అదొకటి.

మొదట డి.వి.ఆర్. రెడ్డి సంగతి. అప్పట్లో పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఆయన వైరస్‌ల శాస్త్రవేత్త. వేరుశనగను పీడించే మొవ్వుకుళ్లు లాంటి వైరస్ తెగుళ్ల మీద పనిచేసి పేరు తెచ్చుకున్నవాడు. వైరస్‌ని పట్టుకోవడానికి ఆ ప్రయోగశాల వాడే పద్ధతి ఎలీసా, అంటే యాంటీబాడీలతో చేసే పరీక్ష. బూజు విషానికీ వైరస్‌కీ చుట్టరికం ఏమీ లేదు. కానీ ఒకదాన్ని పట్టే నేర్పు రెండోదాన్ని పట్టడానికి పనికొస్తుందని ఆ బృందానికి తోచింది. వేరుశనగలో అఫ్లాటాక్సిన్, తర్వాత మిర్చిలో అఫ్లాటాక్సిన్, ఇంకో బూజు విషం ఓక్రాటాక్సిన్, ఆ తర్వాత పాలలో తేలే అఫ్లాటాక్సిన్ ఎం1, ఇలా ఒక్కొక్కటే ఎలీసాతో పట్టుకుంటూ వచ్చారు. బూజు పట్టిన దాణా తిన్న బర్రె పాలలోకి వదిలే రూపమే ఈ ఎం1. గొలుసులో ఒక కొస దొరికితే రెండో కొస దాకా పోయే అలవాటు వాళ్లది.

ఇందులో మొదటి చిక్కు ఏమిటంటే అఫ్లాటాక్సిన్ మరీ చిన్న అణువు. దాని అణుభారం 312. దాన్ని నేరుగా కుందేలుకి ఎక్కిస్తే ఒంట్లోని రక్షణ వ్యవస్థ లెక్కచెయ్యదు, దానికి ఎదురు నిలిచే యాంటీబాడీలు తయారు కావు. అందుకని దాన్ని ఆల్బుమిన్ లాంటి ఒక పెద్ద ప్రొటీన్‌కి రసాయనికంగా అతికిస్తారు. అప్పుడు కుందేలు ఒళ్లు ఆ మొత్తాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారు చేస్తుంది, వాటిలో కొన్ని ఆ చిన్న అణువునే పట్టుకునేవి అవుతాయి. ఎక్కడ అతికించాలి, ఎంత గట్టిగా అతికించాలి, కుందేలు రక్తం ఎప్పుడు తీయాలి, అదంతా నెలల ఓపికతో జరిగే పని. బయటి దేశాల నుంచి కిట్లు తెప్పించుకుంటే ఈ శ్రమ ఉండదు. కానీ ఆ కిట్ల ఖరీదుకి యార్డులో వందల బస్తాలు పరీక్షించడం మన సంస్థలకి అయ్యే పని కాదు. వీళ్లు యాంటీబాడీలు ఇక్కడే తయారు చేసుకోబట్టే ఒక్కో నమూనా ఖర్చు మన చేతికి అందేంతగా దిగింది.

రెండో అంకం ప్లేటు మీద. అరచెయ్యంత ప్లాస్టిక్ పలకలో 96 చిన్న గుంటలు ఉంటాయి. ప్రొటీన్‌కి అతికించిన అఫ్లాటాక్సిన్‌ని గుంట అడుగున ముందే పూస్తారు. తర్వాత పరీక్షించాల్సిన మిర్చి సారం 100 మైక్రోలీటర్లు, యాంటీబాడీలు 50 మైక్రోలీటర్లు పోస్తారు. ఇక అక్కడ కుర్చీలాట మొదలవుతుంది. యాంటీబాడీలు పరిమితం. సారంలో విషం ఉంటే అవి దాన్ని పట్టుకుని తేలుతూ ఉండిపోతాయి, లేకపోతే అడుగున పూసినదాన్ని అంటుకుంటాయి. కడిగేస్తే తేలుతున్నవి కొట్టుకుపోయి అడుగున అంటుకున్నవే మిగులుతాయి. వాటికి ఎంజైము తగిలించిన ఇంకో యాంటీబాడీ చేర్చి, రంగునిచ్చే రసాయనం పోస్తే పసుపు రంగు వస్తుంది. చిక్కటి పసుపు వస్తే సరుకు మంచిదని, రంగు వెలిసిపోయి ఉంటే విషం ఉందని. చూసే కంటికి ఇది తలకిందులు వ్యవహారం. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజుల్లో తడబడే చోటు ఇదే అయి ఉంటుంది.

ఇంతవరకు పుస్తకంలో ఉండే సంగతే. మిర్చి దగ్గరకి వచ్చేసరికి అసలు పనితనం బయటపడుతుంది. వేరుశనగ పప్పు సారం తెల్లగా, సాధువుగా ఉంటుంది. మిర్చి అలా కాదు. పొడిని 70 శాతం మెథనాల్‌లో వేసి ఆడిస్తే విషంతో పాటు ఎరుపు రంగు, ఘాటు, నూనెలు, రెజిన్లు అన్నీ దిగివస్తాయి. మిర్చి జోలికి వెళ్లిన ఏ రసాయన పరీక్షకైనా ఈ రంగుతోనే తంటా. యాంటీబాడీ పట్టుని రంగు చెడగొట్టిందా, విషం చెడగొట్టిందా? రెండింటికీ ప్లేటు మీద కనిపించేది ఒకటే, వెలిసిన పసుపు. ఎవరైనా తొందరపడి ఆ వెలిసిన పసుపుని విషం ఖాతాలో రాసేస్తే రాష్ట్రంలోని మిర్చి అంతా విషమేనని వార్త రాసుకోవచ్చు.

ఆ పొరపాటుకి తావు లేకుండా చేసే పని రెండు మూడు చోట్ల ఉంది. సారాన్ని నేరుగా వాడకుండా పలచన చేస్తారు. ఎంతంటే విషం ఇంకా దొరకాలి, రంగు మాత్రం అడ్డం రాకూడదు. కొలబద్దగా పెట్టుకునే ప్రమాణాలను, అంటే తెలిసిన మోతాదు విషం కలిపిన ద్రావణాలను ఉత్త నీళ్లలో కాకుండా శుభ్రమైన సరుకు సారంలోనే కలుపుతారు. అప్పుడు రంగు చేసే అల్లరి రెండు వైపులా సమానంగా ఉండి లెక్కలోంచి తప్పుకుంటుంది. ఆపైన శుభ్రమైన మిర్చిపొడికి తామే కొలిచి విషం కలిపి, కలిపినంత మళ్లీ దొరికిందా లేదా చూసుకుంటారు. ఎదుటివాణ్ణి అనుమానించే ముందు తమ చేతిని తాము అనుమానించుకోవడం అంటే ఇదే. ఫలితాల పట్టికలో ఈ పని కనపడదు. ఆ పట్టికని నమ్మొచ్చో లేదో తేల్చేది మాత్రం ఇదే.

ఫలితాలు చెప్పుకుందాం. పరీక్షించిన 182 నమూనాల్లో 59 శాతం వాటిలో అఫ్లాటాక్సిన్ రకాల్లో ఒకటైన బి1 కనపడింది. 18 శాతంలో కిలోకి 30 మైక్రోగ్రాములు అనే అప్పటి హద్దు దాటింది. ఒక నమూనాలో ఏకంగా 969 మైక్రోగ్రాములు. అది మూడో గ్రేడు కాయ.

మైక్రోగ్రాము అనగానే ఏదో ఉండీ లేనట్టు అనిపిస్తుంది. బస్తా లెక్కన చూద్దాం. 40 కిలోల బస్తా మొత్తానికి హద్దు లోపల ఉండాల్సిన విషం 1.2 మిల్లీగ్రాములు. ఆ 969 కాయతోనే బస్తా నిండితే అందులో దాదాపు 39 మిల్లీగ్రాములు ఉంటుంది. చిటికెలో పట్టే ఉప్పు కన్నా తక్కువ. అంత తక్కువని 40 కిలోల ఎర్రటి సరుకులోంచి వెతికి పట్టుకుని, దానికి ఒక అంకె ఇవ్వాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్లు గ్రేడుని వదలకపోవడం. యార్డు తన కంటితో, తన చేతితో చేసుకున్న వర్గీకరణ అది. పట్నం ప్రయోగశాలకి దాన్ని పట్టించుకోవాల్సిన అవసరం లేదు. అన్నీ కలిపి పొడి కొట్టి ఒక సగటు అచ్చేసినా వ్యాసం అచ్చవుతుంది. వీళ్లు అలా చెయ్యలేదు. మొదటి గ్రేడు, రెండో గ్రేడు, మూడో గ్రేడు విడివిడిగా కొలిచారు. హద్దు దాటిన కాయ శాతం మూడో గ్రేడులోనే అన్నిటికన్నా ఎక్కువని తేలింది. అంటే యార్డు చెయ్యి విషాన్ని చూడలేకపోయినా, విషం ఉండే అవకాశమున్న కాయని చాలావరకు పక్కకి నెడుతూనే ఉందన్నమాట. తరతరాల అనుభవం ధర కోసం చేసిన పని తెలియకుండానే ఆరోగ్యానికి పనికొచ్చింది. ఆ మాట చెప్పడానికి ప్రయోగశాల కావాల్సి వచ్చింది.

మరి పక్కకి నెట్టిన తాలు ఎటు పోతుంది? పారెయ్యరు కదా. చవగ్గా కొని పొడి కొట్టేవాళ్లు ఉన్నారు. పొడి అయ్యాక తాలుకీ తేజకీ తేడా పట్టే కన్ను లేదు. ఆ బృందం యార్డు దగ్గర ఆగిపోకుండా సూపర్ మార్కెట్‌కి కూడా వెళ్లడం అందుకే గొప్ప. అక్కడ అమ్మే కారంలో దాదాపు 9 శాతం హద్దు దాటి ఉంది. అట్టపెట్టె మీద ఎర్రటి బొమ్మ, లోపల లెక్కలోకి రాని కాయ. అదే కోల్డ్ స్టోరేజీలో చల్లగా దాచిన కాయలో మాత్రం విషం తగిలిన నమూనాలు అన్నిటికన్నా తక్కువ. బూజుకి వెచ్చదనం, తేమ రెండూ కావాలి. వాటిని ఆపితే బూజు ఆగుతుంది. అద్దె కట్టి సరుకు దాచుకోగలిగినవాడి కాయ ధరలోనూ గెలుస్తుంది, శుభ్రంలోనూ గెలుస్తుంది.

ఈ అంకెల్ని చేతిలో పెట్టుకుని భద్రాచలం దాటి గోదావరి గట్టున దుమ్ముగూడెం, చర్ల వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లి చూస్తే కళ్లాలు వేరేలా కనపడతాయి. ఒక పక్క ఏరు, ఇంకో పక్క అడవి, మధ్యలో ఎర్రగా పరిచిన మిర్చి. కోసిన కాయలో కాస్త పచ్చి మిగిలితే రంగు తిరగడానికి ఒకటి రెండు రోజులు కుప్ప పోసి ఉంచుతారు. కుప్ప లోపల వేడి, చెమ్మ. తర్వాత నేల మీద పరుస్తారు. పగలు ఎండ దంచుతుంది, రాత్రి ఏటిగాలికి మంచు దిగుతుంది. పట్టా ఉన్నవాడు కప్పుతాడు, లేనివాడి కాయ రాత్రంతా తాగి పొద్దున మళ్లీ ఎండుతుంది. మధ్యలో ఒక అకాల వాన పడిందంటే అంతే సంగతులు. కాయ పూర్తిగా ఎండే దాకా, తేమ పది పదకొండు శాతానికి దిగే దాకా, బూజుకి తలుపు తెరిచే ఉంటుంది.

ఇంకో తలుపు చివర్లో మనమే తెరుస్తాం. బాగా ఎండిన తేజ కాయ బస్తాకి తొక్కితే పొడిపొడి అవుతుంది, గింజ రాలిపోతుంది. అందుకని బస్తా నింపే ముందు నీళ్లు చిలకరించే అలవాటు మిర్చి పండే చోట చాలా ఏళ్లుగా ఉంది. కాయ మెత్తబడుతుంది, విరగదు, తూకం కూడా కాస్త మొగ్గుతుంది. వారం రోజులు ఎండబెట్టి తరిమిన తేమని చెంబుతో వెనక్కి పిలిచి, గోనె సంచిలో కుక్కి, మూతి కుట్టేస్తాం. వ్యవసాయ అధికారులు వద్దంటూనే ఉంటారు. కాయ విరిగితే ధర కోసేవాడు యార్డులో ఉన్నంత కాలం చెంబు కళ్లంలో ఉంటుంది. తప్పు రైతుదే అనడం తేలిక, విరిగిన కాయకి కోత పెట్టే ఖరీదుదారుకి కూడా అందులో వాటా ఉంది.

ఈ పొలాల్లో కోతకి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఆదివాసీలు కుటుంబాలతో వస్తారు. కొందరికి కూలీ కింద కొంత మిర్చే కొలిచి ఇస్తారు. మూటలు కట్టుకుని అడవి దారిన వెళ్లిపోతారు. ఆ మూటలో ఏ గ్రేడు కాయ ఉందో ఏ లెక్కలోనూ చేరదు.

అడవి అంచు మనుషులకీ బూజు విషానికీ ఉన్న సంబంధం హైదరాబాద్ శాస్త్రవేత్తలకి మిర్చి కన్నా చాలా ముందే తెలుసు. 1974 చివరి నెలల్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో, పక్కపక్కనే ఉన్న 150కి పైగా పల్లెల్లో ఒక కామెర్ల రోగం విరుచుకుపడింది. కామెర్లు, చూస్తుండగానే పొట్టలో నీరు చేరడం, తర్వాత చావు. 397 మందికి జబ్బు చేస్తే 106 మంది పోయారు. అందరూ ఆదివాసీలే, వాళ్ల తిండి మొక్కజొన్న. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ వి. భట్, వి. నాగరాజన్, టి.బి.జి. తిలక్ కలిసి చేసిన దర్యాప్తు 1975లో 'లాన్సెట్'లో వచ్చింది.

కామెర్లు అనగానే ఏ డాక్టరైనా ముందు వైరస్ వైపే చూస్తాడు. వీళ్లు పల్లెలో కనపడే చిన్న చిన్న సంగతుల్ని ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ పోయారు. చాలా ఊళ్లలో రోగం ఒకేసారి మొదలైంది, ఊరి నుంచి ఊరికి పాకిన జాడ లేదు. ఒకే కుండలో తిన్న ఇంటిల్లిపాదికీ వచ్చింది, పాలు తాగే పసిపిల్లలకి రాలేదు. అదే ఇంట్లో మిగిలిన తిండి తినే కుక్కలు కూడా పొట్టలు ఉబ్బి చచ్చాయి. మనిషి కామెర్ల వైరస్ కుక్కని అలా పట్టదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది మొక్కజొన్న. ఆ ఏడు కోత వేళ వానలు పడి కంకులు తడిశాయి, తడిసినవే దాచుకుని తిన్నారు. గింజలు తెచ్చి పరీక్షిస్తే కిలోకి 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిన్ తేలింది. మైక్రో కాదు, మిల్లీ. రోజుకి 2 నుంచి 6 మిల్లీగ్రాముల చొప్పున నెలకి పైగా లోపలికి పోయి ఉంటుందని అంచనా వేశారు. మనిషి రోజుకి 400 గ్రాముల మొక్కజొన్న తిన్నాడనుకుని గుణించి చూస్తే ఆ లెక్క దాదాపు అక్కడికే వస్తుంది. పరీక్షించిన గింజల నమూనాలు కొద్దివే, ఆ మేరకు ఈ అంకెల్ని జాగ్రత్తగానే వాడాలి. అయితే వాదం నిలబడింది ఒక్క అంకె మీద కాదు. కుక్క, పసిబిడ్డ, వాన, కుండ అన్నీ ఒకే వైపు వేలు చూపించాయి.

ఆ సంస్థ వాళ్లు అక్కడితో వదలకుండా తర్వాతి ఏళ్లలో మళ్లీ ఆ ఊళ్లకి వెళ్లారు. బతికి బయటపడ్డవాళ్లు ఎలా ఉన్నారో చూసి 1977లో ఇంకో వ్యాసం రాశారు. పేరు వచ్చిన పని దగ్గరకి రెండోసారి వెళ్లే ఓపిక అందరికీ ఉండదు.

రమేశ్ భట్, తన సహచరులతో ఇరవై ఏళ్ల తర్వాత చేసిన ఇంకో పని మనకి మరీ దగ్గరిది. 1995లో దక్కను పల్లెల్లో కోత వేళ వాన పడి జొన్న, మొక్కజొన్న నల్లబడ్డాయి. అవే తిన్నవాళ్లకి కడుపునొప్పి, కడుపులో గుడగుడ, విరేచనాలు. 50 ఊళ్లు తిరిగితే 27 ఊళ్లలో జబ్బు కనపడింది. ఈసారి దొంగ వేరే. ఫ్యుజేరియం అనే బూజు, అది వదిలే ఫ్యుమోనిసిన్. ఇక్కడ వాళ్లు చేసిన గొప్ప పని రెండు మాటల్లో చెప్పొచ్చు. జబ్బు చేసిన ఇంటి గింజలతో పాటు జబ్బు చెయ్యని ఇంటి గింజలు కూడా తెచ్చారు. ఆ గింజల్నే ఒక్కరోజు వయసు కోడిపిల్లలకి పెట్టి చూశారు. జబ్బు చేసిన ఇంటి గింజ తిన్న కోడిపిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి.

జబ్బు చెయ్యని ఇంటికి వెళ్లడం వినడానికి చిన్న సంగతి. రోగం ఉన్నచోట డాక్టరుకి పని, రోగం లేని ఇంట్లో ఎవరికి పని? "మాకేం కాలేదయ్యా, మా గింజలెందుకు?" అని అడిగే ఆ ఇంటి మనిషికి సంగతి చెప్పి ఒప్పించి, దోసెడు జొన్నలు అడిగి తెచ్చుకోవాలి. అది తేకపోతే జబ్బు ఇంట్లో దొరికిన విషానికి అర్థం లేదు. ఊరందరి గింజల్లో అంతే ఉందేమో ఎవరికి తెలుసు? అచ్చులో వాళ్లు ఇచ్చిన అంకెలు కూడా నిజాయితీగా ఉన్నాయి. జబ్బు ఇళ్ల జొన్నలో కిలోకి 0.14 నుంచి 7.8 మిల్లీగ్రాముల ఫ్యుమోనిసిన్ బి1, మొక్కజొన్నలో 0.25 నుంచి 64.7 దాకా. 0.14 ఉన్న ఇంట్లో కూడా ఎందుకు జబ్బు చేసిందని చదివేవాడు నిలదీయొచ్చు. ఆ ప్రశ్న వస్తుందని తెలిసే ఆ చిన్న అంకెని అలాగే ఉంచారు. 64.7 అనే పెద్ద అంకెని ముందుకు తోసి మిగతావి సగటులో ముంచేస్తే వ్యాసం ఇంకా బిగువుగా కనపడేది. నిజం మాత్రం కొంత తగ్గేది.

అదే హైదరాబాద్‌లో ఆర్.బి. శశిధర్ అనే శాస్త్రవేత్త 1993లో ఇంకో దారి పట్టారు. పల్లెకి, గోదాముకి మోసుకెళ్లగల చిన్న పరీక్ష పెట్టె, కాగితపు పట్టీ ముంచి చూసే పద్ధతి. అఫ్లాటాక్సిన్ బి1 అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తుంది, ఆ మెరుపే ఆధారం. ఎలీసా అంత సూక్ష్మంగా కొలవాలని దాని పట్టుదల కాదు, కరెంటు ఉంటే చాలనుకునే చోట 'ఉంది, లేదు' చెప్పగలిగితే అదే పదివేలు. ఇలాంటి పెట్టెలు మార్కెట్ యార్డుల్లో తూకం కాటా పక్కన ఎందుకు స్థిరపడలేదో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. తూకానికి దడవాయి ఉన్నాడు, మొయ్యడానికి హమాలీ ఉన్నాడు, విషం చూడడానికి మాత్రం ఎవరూ లేరు.

విదేశానికి పోయే మిర్చి సంగతి వేరు. యూరప్ దేశాలు మసాలా దినుసుల్లో బి1ని కిలోకి 5 మైక్రోగ్రాములకి, మొత్తం అఫ్లాటాక్సిన్లని 10కి మించనివ్వవు. అందుకని ఎగుమతి సరుకుకి స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరి, దానికి గుంటూరులో ప్రయోగశాల కూడా ఉంది. నమూనా తియ్యడంలో కూడా గుప్పెడు సరిపోదు. విషం బస్తా అంతా సమానంగా పరుచుకుని ఉండదు. వేలల్లో ఒక వేరుశనగ పప్పు మిగతావన్నీ కలిపినదానికన్నా ఎక్కువ విషం మొయ్యగలదని అరవయ్యో దశకం నుంచీ తెలిసిన సంగతి, మిర్చి కూడా అదే బాపతు. సరుకులో చాలాచోట్ల నుంచి కొద్దికొద్దిగా తీసి, కిలోల కొద్దీ పోగుచేసి, అంతా కలిపి పొడి కొట్టి, అందులోంచి పరీక్షకి తియ్యాలి. ఓడ ఎక్కే కాయకి ఇంత మర్యాద ఉంది. చర్ల సంతలో తక్కెడలో తూచి కాగితంలో పొట్లం కట్టే కారానికి ఈ గేట్లేవీ లేవు.

అడవి తిండి సంగతి అంతకన్నా చీకటి. కొండరెడ్లు, కోయలు వాన కాలానికి దాచుకునే ఇప్పపువ్వు, మామిడి జీడి కూడా ఎండబెట్టి నిలవ చేసేవే, చెమ్మ తగిలితే బూజు పట్టేవే. 2001లో ఒడిశాలోని కాశీపూర్‌లో ఆదివాసీలు చనిపోయినప్పుడు ఆకలి చావులా, బూజు పట్టిన మామిడి జీడి అంబలి చేసిన చావులా అని నెలల తరబడి వాదించుకున్నారు. రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టిపారేసేవి కావు. తినడానికి వేరే గింజ ఉన్నవాడు బూజు పట్టిన జీడి వండుకోడు.

ఆ 1998 నాటి పద్ధతి ఇప్పటికీ పాతబడలేదు. 96 గుంటల ప్లేటులో రెండు వరసలు, అంటే 24 గుంటలు ప్రమాణాలకి పోతే 72 మిగులుతాయి. ఒక్కో నమూనాని రెండేసి గుంటల్లో చూస్తే 36 నమూనాలు. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం మూడు సంతల్లో ఒక్కోచోట ఆరు తాలు కాయ నమూనాలు, ఆరు మిల్లు పట్టిన కారం నమూనాలు కొంటే ప్లేటు సరిగ్గా నిండుతుంది. మామిడి జీడికి మాత్రం ప్రమాణాలు మళ్లీ మొదటి నుంచీ, శుభ్రమైన జీడి సారంలోనే కలుపుకోవాలి.